జమైకా చరిత్ర చదవాలంటే ముందు పద్దులు చదవడం నేర్చుకోవాలి

నేను లెక్కలు చూసుకుని బతికే మనిషిని. కింగ్‌స్టన్‌లో తొమ్మిదేళ్లు ఆడిట్ పని చేశాను. ఒకసారి వారం రోజులు సెలవు దొరికితే స్పానిష్ టౌన్‌లోని జమైకా ఆర్కైవ్స్‌కి వెళ్లాను. కొత్త చోటు, పాత చేతిరాత, ఏం అర్థమవుతుందో అని కొంచెం టెన్షన్ పడ్డాను. రిజిస్టర్ తెరవగానే అది పోయింది. గళ్లు, వరుసలు, కింద మొత్తం, దాని కింద సంతకం. రోజూ చూసేదే కదా అనుకున్నాను. రెండో పేజీకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. వరుసల్లో ఉన్నది మనుషులు. పేరు, రంగు, వయసు. అడుగున మొత్తం వేసి, అంతా నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టారు. అలవాటు కొద్దీ కూడి చూశాను. మొత్తం సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ దీవి గురించి మిగిలిన కాగితాల్లో చాలా భాగం ఇలాంటివే. స్పెయిన్ వాళ్లు 1509లో వచ్చి స్థిరపడిన దగ్గర్నుంచి 1838లో బానిసత్వం పూర్తిగా పోయేదాకా 329 ఏళ్లు. అన్నేళ్లూ కలం పట్టింది పాలకులు, యజమానులు, వాళ్ల గుమాస్తాలు. పొలంలో నడుం వంచినవాళ్ల రాత చాలా అరుదుగా దొరుకుతుంది. కాబట్టి జమైకా చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు తర్వాత చూద్దురుగాని, ముందు మూడు జాబితాలు పెట్టుకుని కూర్చోండి. 1611లో ఒక మఠాధిపతి స్పెయిన్ రాజుకి పంపిన జనాభా లెక్క. 1817లో మొదలైన బానిసల రిజిస్టర్. 1834 తర్వాత యజమానులకి ఇచ్చిన నష్టపరిహారం పద్దు. ఎవరు లెక్కపెట్టారు, ఎందుకు లెక్కపెట్టారు, ఎవర్ని వదిలేశారు అని మూడింటినీ అడగండి.

మాటల దగ్గరే మోసపోతాం

జాబితా తెరిచే ముందు కొన్ని మాటలు సరిచూసుకోవాలి. నేను మొదట తప్పు చదివింది "క్రియోల్" అన్న మాటని. రెండు జాతుల కలయికలో పుట్టినవాళ్లని నా లెక్క. ఆ లెక్కతో ఒక ఎస్టేట్ జాబితా మొత్తం నోట్ చేసుకున్నాను. పక్క గడిలో రంగు వేరుగా రాసి ఉండటం చూశాక అనుమానం వచ్చింది. ఆ రిజిస్టర్లో క్రియోల్ అంటే దీవిలో పుట్టినవాళ్లు, అంతే. ఆఫ్రికన్ అంటే ఓడలో తెచ్చినవాళ్లు. రెండు రోజుల పని చించేసి మళ్లీ మొదలుపెట్టాను.

"బుక్‌కీపర్" అన్న మాట చూసి నా తోటి ఉద్యోగి అనుకున్నాను. ఎస్టేట్‌లో బుక్‌కీపర్ పుస్తకాలు రాసేవాడు కాదు. పొలంలోనూ, పాకం కాచే చోటా బానిసల మీద నిఘా పెట్టే కింది స్థాయి తెల్ల ఉద్యోగి. "అటార్నీ" అంటే వకీలు కానక్కర్లేదు. యజమాని ఇంగ్లండ్‌లో కూర్చుంటే ఇక్కడ ఆస్తి చూసుకునే ప్రతినిధి. ఒక్కొక్కరి చేతిలో చాలా ఎస్టేట్లు ఉండేవి. "డ్రైవర్" అంటే ముఠాని తోలేవాడు. అతనూ బానిసే, చేతిలో కొరడా ఉండేది. "పెన్" అంటే పశువుల్ని పెంచే ఎస్టేట్. "హాట్‌హౌస్" అంటే జబ్బుపడ్డ బానిసల్ని పడుకోబెట్టే చోటు. "అప్రెంటిస్" అన్న మాట గురించి చివర్లో చెప్తాను, దాని కథ పెద్దది.

డబ్బు విషయంలోనూ జాగ్రత్త. జమైకా పౌండు, ఇంగ్లండ్ స్టెర్లింగ్ పౌండు ఒకటి కావు. 140 జమైకా పౌండ్లకి 100 స్టెర్లింగ్ పౌండ్లు. కాగితంలో "కరెన్సీ" అని ఉంటే జమైకా పౌండ్లని అర్థం, 1.4తో భాగించండి. 70 పౌండ్ల కరెన్సీ అంటే 50 స్టెర్లింగ్. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి.

తేదీల దగ్గర ఇంకో చిక్కుంది. 1752కి ముందు ఇంగ్లండ్ వాళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పారిపోయి కొండల్లో స్వతంత్రంగా బతికిన మరూన్లతో ఒప్పందం 1738 మార్చి 1న జరిగిందని ఒకచోట, 1739 అని ఇంకోచోట కనిపిస్తుంది. రెండూ ఒకే రోజు. మనం 1739 అనుకోవాలి. అలాగే ఇంగ్లిష్ సైన్యం దిగింది 1655 మే 10న. స్పెయిన్ వాళ్ల క్యాలెండర్ అప్పటికి పది రోజులు ముందుంది కాబట్టి వాళ్ల కాగితాల్లో అదే రోజు మే 20 అవుతుంది. ఇది తెలియకపోతే ఒక సంఘటనని రెండుగా లెక్కేస్తాం.

1611: లెక్కకి దొరికినవాళ్లు, దొరకనివాళ్లు

మొదటి జాబితా చాలా చిన్నది. స్పానిష్ స్త్రీ పురుషులు 523. పిల్లలు 173. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లు 107. దీవి మూలవాసులు 74. బానిసలు 558. విదేశీయులు 75. కూడి చూడండి, 1,510 వస్తుంది.

చూపు 74 దగ్గర ఆపండి. కొలంబస్ 1494లో మొదటిసారి వచ్చినప్పుడు తీరం పొడవునా టైనోల, అంటే ఈ మూలవాసుల, ఊళ్లున్నాయి. 1503లో అతని ఓడలు పురుగు పట్టి మునిగిపోయే స్థితికి వస్తే సెయింట్ ఆన్స్ బే దగ్గర ఏడాది పాటు ఇరుక్కుపోయాడు. అతన్నీ అతని మనుషుల్నీ తిండి పెట్టి బతికించింది టైనోలే. విసుగొచ్చి వాళ్లు తిండి ఆపేస్తే, పంచాంగం చూసి 1504 ఫిబ్రవరి 29న చంద్రగ్రహణం వస్తుందని తెలుసుకుని, దేవుడికి కోపం వచ్చిందని భయపెట్టాడు. ఐదేళ్లకి, 1509లో, హువాన్ డి ఎస్కివెల్ మనుషులతో వచ్చి అక్కడే సెవిల్లా లా న్యూవా కట్టాడు. బంగారం దొరకలేదు. టైనోలని పొలాలకీ కట్టడాలకీ తోలారు. పనివల్లా, ఐరోపా జబ్బులవల్లా, ఆకలివల్లా వందేళ్లలో ఆ సంఖ్య 74కి దిగింది. 1534లో స్పెయిన్ వాళ్లు ఆ ఊరు వదిలేసి దక్షిణాన విల్లా డి లా వేగాకి మారారు. అదే ఇప్పటి స్పానిష్ టౌన్.

కానీ ఆడిట్ చేసేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. ఇది దీవిలో ఉన్నవాళ్ల లెక్కా, లెక్కపెట్టడానికి దొరికినవాళ్ల లెక్కా? మఠాధిపతి మనుషులు కొండల్లోకి వెళ్లి లెక్కపెట్టలేదు. పారిపోయిన టైనోలూ, పారిపోయిన ఆఫ్రికన్లూ అక్కడున్నారు. 1,510 అన్న మొత్తానికి బయట ఉన్న ఆ మనుషుల్నించే తర్వాతి రెండు వందల ఏళ్ల కథ చాలావరకు నడిచింది. టైనోలు పూర్తిగా అంతరించిపోయారని రాసిన వాక్యం ఎక్కడ కనిపించినా నేను పక్కన ఒక ప్రశ్నార్థకం పెడతాను. మనం హరికేన్ లాంతరు అంటామే, ఆ హరికేన్ కూడా వాళ్ల మాటే.

వీలుంటే సెయింట్ ఆన్స్ బే పక్కన సెవిల్‌కి వెళ్లండి. టైనోల ఊరి ఆనవాళ్లు, స్పానిష్ పట్నం పునాదులు, ఇంగ్లిష్ చెరకు ఎస్టేట్ భవనం అన్నీ ఒకే నేల మీద ఉన్నాయి. పొద్దున్నే వెళితే ఎండ ముదిరేలోగా తిరిగి రావచ్చు.

1655 తర్వాత: ఒప్పందాన్ని పద్దులా చదవండి

ఇంగ్లండ్ రాక గురించి తొందరగా చెప్పేస్తాను. అప్పటి ఇంగ్లండ్ పాలకుడు క్రామ్‌వెల్ పంపిన పెన్, వెనబుల్స్ అనే ఇద్దరు సేనానులు ముందు శాంటో డొమింగో మీద పడి చావుదెబ్బ తిన్నారు. ఉత్త చేతులతో వెళ్లలేక జమైకా మీదకి వచ్చారు. తిరిగి లండన్ వెళ్లాక ఇద్దర్నీ లండన్ టవర్ జైల్లో పెట్టారు. స్పెయిన్ తరఫున ఇసాసీ 1660 దాకా కొండల్లోంచి పోరాడాడు. హువాన్ డి బోలాస్ అనే నల్ల నాయకుడు ఇంగ్లిష్ వాళ్లతో చేయి కలిపాక ఇసాసీ నిలవలేకపోయాడు. 1670 మాడ్రిడ్ ఒప్పందంతో స్పెయిన్ దీవిని వదులుకుంది. పోర్ట్ రాయల్ సముద్రపు దొంగల కథలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. 1692 జూన్ 7న భూకంపం వచ్చి ఆ ఊరిలో మూడింట రెండు వంతులు సముద్రంలో కలిసింది. నీళ్ల అడుగున దొరికిన గడియారం 11:43 దగ్గర ఆగి ఉంది.

నెమ్మదిగా చదవాల్సింది 1739 ఒప్పందం. కొండల్లోకి వెళ్లి స్వతంత్రంగా బతికినవాళ్లని మరూన్లు అంటారు. పశ్చిమాన కడ్జో, తూర్పున నానీ, క్వావో నాయకులు. ఏళ్ల తరబడి సైన్యం పంపినా వాళ్లని గెలవలేక వలస ప్రభుత్వం సంధికి దిగింది. కాగితాన్ని మధ్యకి మడిచి ఎడమ పక్క మరూన్లకి వచ్చింది, కుడి పక్క వాళ్లు ఇచ్చింది రాయండి. ఎడమ పక్క: స్వేచ్ఛ, 1,500 ఎకరాలు, పంట అమ్ముకునే హక్కు. కుడి పక్క: ఇకమీదట పారిపోయి వచ్చే బానిసల్ని పట్టి అప్పగించాలి, తిరుగుబాటు జరిగితే ప్రభుత్వం వైపు నిలబడాలి, తెల్ల అధికారుల్ని ఊళ్లో ఉండనివ్వాలి.

ఈ కుడి పక్కన రాసింది చెల్లించిన తేదీలు కూడా దొరుకుతాయి. 1760లో సెయింట్ మేరీలో టాకీ నాయకత్వంలో పెద్ద తిరుగుబాటు లేచింది. టాకీని కాల్చి చంపింది మరూన్ల బృందమే. 1795లో ట్రెలానీ టౌన్ మరూన్లే ప్రభుత్వం మీద తిరగబడితే అకంపాంగ్ మరూన్లు ప్రభుత్వం వైపున్నారు. క్యూబా నుంచి వంద వేటకుక్కల్ని తెప్పించారు. దీవి నుంచి బయటికి పంపబోమని జనరల్ వాల్పోల్ మాటిస్తే ట్రెలానీ టౌన్ మరూన్లు లొంగిపోయారు. గవర్నర్ బాల్కారెస్ ఆ మాట కాదని 1796లో ఐదు వందల మందికి పైగా మరూన్లని నోవా స్కోషియా చలిలోకి పంపాడు. వాల్పోల్‌కి జమైకా శాసనసభ బహుమానంగా కత్తి ఇస్తానంటే తీసుకోలేదు. 1800లో వాళ్లని అక్కణ్నుంచి సియెర్రా లియోన్‌కి చేర్చారు.

మరూన్లని ద్రోహులనేవాళ్లనీ, మచ్చలేని వీరులనేవాళ్లనీ ఇద్దర్నీ విన్నాను. నాకు ఆ రెండూ తొందరపాటే అనిపిస్తుంది. పిల్లాపాపల్తో కొండల్లో యుద్ధం చేస్తున్న మనిషి ముందు ఆ కాగితం పెట్టినప్పుడు ఏముంటుందో ఊహించుకుని చదవాలి. ఏటా జనవరి 6న అకంపాంగ్‌లో ఆ ఒప్పందాన్ని తలుచుకుంటూ పండగ చేస్తారు. వెళ్లి పెద్దల మాట వినండి. ఆర్కైవ్స్‌లో ఉన్నది ఒక పక్షం రాసుకున్నదే.

పాకం పెనాల దగ్గర కాసేపు

పద్దుల్లో "చక్కెర, ఇన్ని పీపాలు" అని ఉంటుంది. ఆ మాటని అలాగే దాటేస్తే ఏమీ తెలియదు. పీపా వెనకాల పనేమిటో తెలియాలి.

పొలం పనివాళ్లని వయసు, బలం చూసి ముఠాలుగా విడగొట్టేవాళ్లు. గట్టివాళ్లంతా మొదటి ముఠా. చెరకు నాటడానికి గడ్డపలుగు లాంటి బరువైన పారలతో చదరపు గుంటలు తవ్వడం వాళ్ల పని. నాగలి కట్టొచ్చు, కానీ చాలాచోట్ల మనుషుల చేతే తవ్వించారు. చివరి దశాబ్దాల్లో ఈ ముఠాల్లో ఆడవాళ్లే ఎక్కువ. రెండో ముఠాలో పెరిగే పిల్లలు, బలం తగ్గినవాళ్లు. మూడో ముఠాలో ఐదారేళ్ల పిల్లలు, ఒక ముసలామె వెనకాల కలుపు తీస్తూ, గడ్డి కోస్తూ.

జనవరి నుంచి ఐదారు నెలలు కోత. కోసిన చెరకు నిలవుంటే పులుస్తుంది కాబట్టి రాత్రుళ్లు కూడా గానుగ ఆగదు. నిలువు రోలర్ల మధ్యకి చెరకు పెట్టేవాళ్లలో నిద్రమత్తుకి చెయ్యి వెళ్లినవాళ్లుంటారు. పక్కనే గొడ్డలి ఉంచేవాళ్లు. చెయ్యి నరికితేనే మనిషి దక్కేది. అక్కణ్నుంచి రసం పెనాల గదికి. పెద్ద పెనంలో మొదలుపెట్టి, సున్నం వేసి, తెట్టు తీసేస్తూ, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తోడుకుంటూ చిన్న పెనానికి వస్తారు. కింద మండేది చెరకు పిప్పి. ఆఖరి పెనం దగ్గర నిలబడే మనిషి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాకం సాగదీసి తీగ చూస్తాడు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పెనమంతా పాడవుతుంది. తీగపాకం గురించి మనకి చెప్పక్కర్లేదు. ఆ చూపున్న మనిషికి ఆస్తుల జాబితాలో ఎక్కువ ధర రాసుకునేవాళ్లు. ఆరిన చక్కెరని పీపాల్లో నింపి మడ్డి కారనిచ్చేవాళ్లు, ఆ మడ్డితో రమ్ కాచేవాళ్లు. 1805లో ఈ దీవి నుంచి దాదాపు లక్ష టన్నుల చక్కెర బయటికి వెళ్లింది.

ఇంత పండించిన నేల మీద వాళ్లు తిన్నదేమిటో కూడా చూడండి. ఉప్పు చేపలు బయటి నుంచి వచ్చేవి. మిగతాది కొండవాలుల్లో ఇచ్చిన తుండు నేలల్లో ఆదివారాలు తామే పండించుకోవాలి. అమెరికా కాలనీలు విడిపోయాక అటునుంచి తిండి రావడం ఆగింది. 1780 నుంచి వరసగా తుపాన్లు కొట్టాయి. 1780కీ 1787కీ మధ్య సుమారు 15,000 మంది బానిసలు ఆకలితోనూ దాని వెంట వచ్చిన జబ్బులతోనూ చనిపోయారని జమైకా సభే లెక్క చెప్పుకుంది. ఆ తర్వాతే 1793లో కెప్టెన్ బ్లై తాహితీ నుంచి బ్రెడ్‌ఫ్రూట్, అంటే మన సీమపనస, మొక్కలు తెచ్చాడు. కింగ్‌స్టన్‌లో నా ఇంటి వెనకాల ఒక సీమపనస చెట్టుండేది. ఈ సంగతి తెలిశాక దాని కిందకి వెళ్లినప్పుడల్లా ఆ 15,000 గుర్తొచ్చేది.

1817 రిజిస్టర్: ఒక వరుస చదవడం

1807 చట్టంతో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. 1808 మార్చి తర్వాత ఓడలో తేవడం నేరం. దొంగతనంగా తెస్తున్నారేమో పట్టుకోవడానికి పెట్టిందే ఈ రిజిస్టర్. 1817 జూన్ 28 నాటికి ఎవరి దగ్గర ఎవరున్నారో పేరుపేరునా రాయాలి. ముందు మగవాళ్లు, తర్వాత ఆడవాళ్లు. పేరు, రంగు, వయసు, ఆఫ్రికనా క్రియోలా, రిమార్కులు.

ఉదాహరణకి ఒక వరుసలో "ఫిబ్బా, నలుపు, 20, ఆఫ్రికన్" అని ఉందనుకోండి. మొదట పేరు. ఫిబ్బా అంటే శుక్రవారం పుట్టిన అమ్మాయి. పశ్చిమాఫ్రికాలో అకాన్ భాషవాళ్లు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టుకుంటారు, మనలో సోమయ్య అన్నట్టు. కడ్జో సోమవారం, క్వాకో బుధవారం, కఫీ శుక్రవారం. ఆడవాళ్లలో జూబా సోమవారం, మింబా శనివారం. యజమాని పెట్టిన సీజర్, పాంపీ, వీనస్, లండన్ లాంటి పేర్ల మధ్య ఈ వారాల పేర్లు కనిపిస్తే అది తల్లి పెట్టిన పేరు అయ్యే అవకాశం ఎక్కువ. మనవలకి కూడా వారాల పేర్లు వచ్చాయా చూడండి.

తర్వాత వయసు. 1817లోంచి 20 తీసేస్తే 1797. ఆఫ్రికన్ అన్నారు, ఓడలు ఆగింది 1808లో. అంటే ఈ అమ్మాయి ఎక్కువలో ఎక్కువ పదకొండేళ్లకే ఓడెక్కింది. కాగితంలో ఆ మాట ఎక్కడా లేదు. రెండు గళ్లు కలిపితే వస్తుంది. వయసులు యజమాని అంచనాలు, 30, 40, 50 దగ్గర కుప్పగా ఉంటాయి, ఏడాది రెండేళ్లు అటూ ఇటూ అనుకోండి. అయినా 25 ఏళ్ల లోపు ఆఫ్రికన్లని ఒక్కొక్కర్నీ ఇలా లెక్కకట్టి చూడండి. నేను మొదటి ఎస్టేట్‌కి కట్టినప్పుడు కాసేపు బయటికి వెళ్లి కూర్చోవాల్సి వచ్చింది.

రిమార్కుల గడిలో చాలాసార్లు తల్లి పేరుంటుంది. దాన్ని పట్టుకుని కుటుంబం కట్టొచ్చు. తండ్రి పేరు కోసం వెతక్కండి. బిడ్డ తల్లి యజమానికి చెందుతుంది కాబట్టి వాళ్లకి తండ్రితో పని లేదు.

1820 నుంచి మూడేళ్లకోసారి వచ్చే కాగితాల్లో మొత్తం జాబితా ఉండదు. పెరిగినవాళ్లు, తగ్గినవాళ్లు, అంతే. మన భాషలో జమ, తగ్గుదల. "పెరిగినవాళ్లు" అంటే పుట్టినవాళ్లే అనుకోవద్దు, కొన్నవాళ్లూ అందులోనే వస్తారు. తగ్గినవాళ్లలో చావు, అమ్మకం, పారిపోవడం, విడుదల. పుట్టుకల్నీ చావుల్నీ విడిగా రాసుకోండి. చక్కెర ఎస్టేట్లలో ఎక్కువగా చావులే పైన ఉంటాయి. దీవి మొత్తానికి 1817లో దాదాపు 3 లక్షల 45 వేల మంది ఉంటే 1834కి సుమారు 3 లక్షల 11 వేలకి తగ్గారు.

ఇప్పుడు పెద్ద పద్దు వేయండి. రెండు శతాబ్దాల్లో జమైకాలో దింపిన ఆఫ్రికన్లు దాదాపు పది లక్షలు. అందులో కొందర్ని స్పానిష్ వలసలకి మళ్లీ ఓడెక్కించారు, వాళ్లని తీసేయండి. ఇక్కడ పుట్టినవాళ్లని కలపండి. ఆఖరున మిగిలింది 3,11,000. నా వృత్తిలో ఇంత తేడా వస్తే పుస్తకం మూసి పోలీసుల్ని పిలుస్తాం. దింపకముందే పోయినవాళ్లు ఇందులో లేనే లేరు. 1781లో జమైకాకి వస్తున్న జాంగ్ అనే ఓడలోంచి 130 మందికి పైగా సముద్రంలోకి తోసేసి, తలకి 30 పౌండ్ల చొప్పున ఇన్సూరెన్స్ అడిగారు.

1831 నుంచి 1838 దాకా

1832 కాగితాల్లో తగ్గుదల గడి చదివేటప్పుడు జాగ్రత్తగా చూడండి. పశ్చిమ జిల్లాల్లో చావుకి కారణాలు మారతాయి. కాల్చారు, ఉరితీశారు.

1831 డిసెంబర్ 27 రాత్రి సెయింట్ జేమ్స్‌లో కెన్సింగ్టన్ ఎస్టేట్ తగలబడింది. సామ్ షార్ప్ అనే బాప్టిస్ట్ డీకన్ (చర్చి పెద్ద), చదువొచ్చిన బానిస, క్రిస్మస్ సెలవుల తర్వాత జీతం ఇస్తేనే పనిలోకి దిగాలని మాట కట్టించాడు. పత్రికలు చదివి లండన్‌లో ఏం జరుగుతోందో తనవాళ్లకి చెప్పేవాడు. సమ్మెగా మొదలైంది తిరుగుబాటైంది. 60,000 మంది దాకా కదిలారని అంచనా. చచ్చిపోయిన తెల్లవాళ్లు 14 మంది. తర్వాత కోర్టుల ద్వారా ఉరితీసింది 300 మందికి పైనే. షార్ప్‌ని 1832 మే 23న మాంటెగో బే బజారు చౌకులో ఉరితీశారు. ఆస్తి నష్టం కింద అతని యజమానికి 16 పౌండ్ల 10 షిల్లింగుల కరెన్సీ ముట్టింది. పైన చెప్పినట్టు 1.4తో భాగించండి, స్టెర్లింగ్‌లో 12 పౌండ్లు కూడా రాదు.

ఏడాదిన్నర తిరక్కుండా, 1833 ఆగస్టు 28న బానిసత్వ రద్దు చట్టం వచ్చింది. 1834 ఆగస్టు 1 నుంచి అమలు. ఇక్కడ మూడో జాబితా మొదలవుతుంది. సామ్రాజ్యం మొత్తానికి 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం, అంతా యజమానులకే. జమైకా వాటా సుమారు 61 లక్షల 50 వేలు. 3,11,000తో భాగిస్తే మనిషికి 20 పౌండ్లకి కాస్త తక్కువ. ఈ జాబితాలో గళ్లు చూస్తే 1817 కంటే ఘోరం. మనుషుల పేర్లు పోయాయి. పొలం కూలీలు ఇంతమంది, పనిమంతులు ఇంతమంది, ముసలివాళ్లు, జబ్బువాళ్లు ఇంతమంది. ఆరేళ్ల లోపు పిల్లలు చట్టప్రకారం ఆ రోజే స్వేచ్ఛ పొందారు, అయినా వాళ్లకీ ఒక గడి ఉంది, దానికీ యజమానికి డబ్బిచ్చారు. పేరున్నది డబ్బు తీసుకున్నవాడికి. ఇందుకోసం బ్రిటన్ చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో.

ఇక అప్రెంటిస్. ఆరేళ్లు దాటిన ప్రతి బానిసా 1834 ఆగస్టు 1న అప్రెంటిస్ అయ్యాడు. పొలం పనివాళ్లు ఆరేళ్లు, ఇంటి పనివాళ్లు నాలుగేళ్లు పాత యజమాని దగ్గరే ఉండాలి. పొలం పనివాళ్లు వారానికి 40 గంటల 30 నిమిషాలు జీతం లేకుండా చేయాలి. నేర్చుకునే పనేమీ లేదు, పుట్టిన్నాటి నుంచి చేస్తున్నదే. యజమాని సొంతంగా కొట్టకూడదు కాబట్టి మేజిస్ట్రేట్ దగ్గరికి పంపి, అక్కణ్నుంచి వర్క్‌హౌస్ అనే జైల్లో ట్రెడ్‌మిల్, అంటే కాళ్లతో తొక్కుతూ తిప్పాల్సిన శిక్షా చక్రం, ఎక్కించేవాళ్లు. సెయింట్ ఆన్‌లో జేమ్స్ విలియమ్స్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇదంతా 1837లో తన నోటితో చెప్పి రాయించాడు. దాన్ని వెతికి తప్పకుండా చదవండి. ఇన్ని జాబితాల్లో ఒక వరుసగా ఉన్న మనిషి, వరుసలోంచి లేచి నిలబడి మాట్లాడినట్టుంటుంది. అలాంటి మాటలు లండన్‌లో అలజడి రేపి, గడువుకి రెండేళ్ల ముందే, 1838 ఆగస్టు 1న ఈ పద్ధతి రద్దయింది.

ముందు రాత్రి ఫాల్మత్‌లో విలియం నిబ్ అనే బాప్టిస్ట్ ప్రచారకుడి చర్చిలో కొరడా, సంకెళ్లు, మెడ కడియం ఒక శవపేటికలో పెట్టి పూడ్చారు. వలస బానిసత్వం, వయసు 276 ఏళ్లు అని రాశారు. 1838లోంచి 276 తీస్తే 1562, ఇంగ్లండ్ మనిషి హాకిన్స్ మొదటిసారి ఆఫ్రికన్లని పట్టుకెళ్లిన ఏడాది. జమైకాకి స్పెయిన్ వాళ్లు ఆఫ్రికన్లని తేవడం అంతకంటే నలభై ఏళ్లకి పైగా ముందే మొదలైంది. ఆ వయసు సరిదిద్ది రాసుకోండి.

ఇక మీరు చేయాల్సిన పని. 1817 జాబితాలో పదేళ్ల క్రియోల్ పిల్లని ఒకర్ని ఎంచుకోండి. 1820, 1823, 1826, 1829, 1832 తగ్గుదల గళ్లన్నీ చూడండి. వాటిలో ఎక్కడా ఆమె పేరు లేకపోతే 1832 నాటికి బతికే ఉంది. అమ్మ అయితే పెరుగుదల కాగితాల్లో బిడ్డ పక్కన ఆమె పేరుంటుంది. 1838 ఆగస్టు దాకా ఉంటే ఆమెకి 31. అక్కణ్నుంచి ఎస్టేట్ కాగితాలు పక్కన పెట్టి చర్చిల పెళ్లి రిజిస్టర్లు, స్లైగోవిల్ లాంటి కొత్త స్వేచ్ఛా గ్రామాల స్థలాల కాగితాలు తీయండి. ఎస్టేట్ పేరు, వయసు, బిడ్డల పేర్లు సరిపోలితే అది ఆమే. ఆమె ఇంటిపేరు కూడా రాసుకోండి. 1817 కాగితంలో దానికి గడి లేదు.